ఏ వయసులో ఏ నరం చిట్లుతుంది?

(మెదడులో రక్తస్రావం గురించి సామాన్య శ్రోతలకు ఒక నరాల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక సంగతి ఒప్పేసుకుంటాను. మీరంతా లోపలికి వస్తున్నప్పుడు నేను ఓ పావుగంట సేపు ఆ తలుపు పక్కన నిలబడి చూశాను. బయట బల్ల మీద బీపీ మిషన్ పెట్టించాం కదా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో ముప్పాతిక మంది జుట్టు నెరిసినవాళ్లే. ముప్పై, ముప్పై అయిదేళ్లవాళ్లు అటొకసారి చూసి, అది మనకు కాదులే అన్నట్టు చిన్నగా నవ్వి, నేరుగా లోపలికి వచ్చేశారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ నవ్వు గురించే. (నవ్వులు)

అసలు విషయంలోకి వెళ్లేముందు మన మాటలో ఉన్న ఒక తిరకాసు. "మెదడులో నరం చిట్లింది" అంటాం. నరమంటే సంకేతాలు మోసే తీగ; అది చిట్లదు. చిట్లేది రక్తనాళం. అయితే సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మ కూడా "నరం దొరకట్లేదండీ" అనే అంటుంది కదా. జనం నోట స్థిరపడిన మాటను దిద్దడానికి నేను రాలేదు. నేనూ నరమనే అంటాను, శాస్త్రం తెలిసినవాళ్లు మన్నించాలి.

పక్షవాతం రెండు దారుల్లో వస్తుంది. నాళానికి గడ్డ అడ్డుపడి రక్తం అందకపోవడం ఒకటి. నాళం చిట్లి రక్తం మెదడులోకో, మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్యకో చిమ్మడం రెండోది. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 22 లక్షల కొత్త పక్షవాతాలు వచ్చాయని అంచనా. అందులో మెదడు లోపల రక్తస్రావం 34 లక్షలు, పొరల మధ్య రక్తస్రావం 12 లక్షలు. అంటే చిట్లే రకం తక్కువే, కానీ చంపడంలో అదే ముందు. మెదడు లోపల రక్తస్రావమైనవాళ్లలో నూటికి నలభై మంది దాకా నెల తిరక్కుండానే పోతున్నారు.

ఇప్పుడు తెర మీద రెండు స్కాన్లు పెడుతున్నాను. ఎవరివో చెప్పను, అవసరమూ లేదు. సీటీ స్కాన్‌లో మెదడు బూడిద రంగులో కనిపిస్తుంది, తాజా రక్తం తెల్లగా మెరుస్తుంది. ఎడమ బొమ్మ చూడండి. తెల్లటి ముద్ద మెదడు నడిబొడ్డున, లోతుగా ఉంది. కుడి బొమ్మలో అదే సైజు ముద్ద, కానీ అంచున, పుర్రె ఎముకకు దగ్గరగా. పేరు, ఊరు, వయసు ఏమీ చెప్పకుండా ఈ రెండూ నా ముందు పెడితే, ఎడమవైపుది బీపీ చేసిన పని అయ్యుండాలి, మనిషికి నలభై అయిదో యాభై అయిదో ఉండొచ్చు అంటాను. కుడివైపుది చూసి డెబ్బై దాటిన మనిషి అంటాను. ప్రతిసారీ నా లెక్క కుదరదు. కుదిరినప్పుడు మాత్రం ఎందుకు కుదిరిందన్నదే ఇవాళ్టి ప్రసంగం.

ఆ లోతైన చోట ఏముంటుంది? అక్కడి నరాలు వెంట్రుక కంటే కొన్ని రెట్లు లావు, అంతే. అవి పెద్ద ధమని నుంచి దాదాపు నిట్టనిలువుగా చీలి పైకి పోతాయి. మామూలుగా ధమని పెద్ద కొమ్మ, చిన్న కొమ్మ, రెమ్మ అని క్రమంగా సన్నబడుతూ, ఒత్తిడిని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోతుంది. ఇక్కడ ఆ క్రమం లేదు. పెద్ద పైపుకు నేరుగా సన్నటి గొట్టం అతికించినట్టుంటుంది. పైపులో ఎంత ఒత్తిడి ఉందో దాదాపు అంతా దాని మీదే పడుతుంది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఆ గోడ గట్టిపడి, పెళుసెక్కి, అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతుంది. 1868లోనే షార్కో, బూషార్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు చనిపోయినవాళ్ల మెదళ్లలో ఆ బుడిపెల్ని చూసి వర్ణించారు.

ఈ ఏళ్ల తరబడి అన్న మాటకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఆయన బీపీ అంకెలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 1935లో ఆయనకు 53 ఏళ్లు, బీపీ 136/78. బాగానే ఉంది. 1937లో 162/98. 1941లో 188/105. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే నేవీ గుండె వైద్యుడు మొదటిసారి పరీక్షించినప్పుడు 186/108, గుండె అప్పటికే అలసిపోయింది. 1945 ఏప్రిల్ 12 మధ్యాహ్నం, తన బొమ్మ గీయించుకోవడానికి కూర్చుని ఉండగా, తల వెనక విపరీతమైన నొప్పి అన్నాడు, కుప్పకూలాడు. బ్రూయెన్ వచ్చి కొలిస్తే పై అంకె 300 దాటింది, కింది అంకె 190. మెదడులో నరం చిట్లింది, సుమారు రెండు గంటల్లో ప్రాణం పోయింది. వయసు 63.

ఆ రోజుల్లో వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేదు. ఉప్పు తగ్గించండి, విశ్రాంతి తీసుకోండి, సిగరెట్లు తగ్గించండి, నిద్రమాత్ర వేసుకోండి, గుండెకు డిజిటాలిస్ వాడండి. అంతే. ఇవాళ మనం సాదా బీపీ మాత్ర అనుకునే థయాజైడ్ 1950ల చివర్లో గానీ రాలేదు. కాబట్టి వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ అంకెల్ని వరసగా చదవండి. చావు ధ్రువపత్రంలో వయసు 63 అని ఉంటుంది. ఆ నరం పాడవడం మొదలైంది 55కో, అంతకన్నా ముందో. రక్తస్రావానికి రెండు వయసులుంటాయి, ఒకటి చిట్లినప్పటి వయసు, ఇంకొకటి నరం పాడవడం మొదలైనప్పటి వయసు. మేం కేసు షీటులో రాసేది మొదటిదే.

ఇప్పుడు ఇంకో చిక్కుముడి. కొంచెం ఓపిక పట్టండి, ఇది చాలామంది వైద్య విద్యార్థులకే సరిగా పట్టదు.

వయసు పెరిగేకొద్దీ రక్తస్రావం అవకాశం పెరుగుతుంది. ఇందులో అనుమానం లేదు. 2010లో ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. 45 నుంచి 54 ఏళ్లవాళ్లలో ఉన్న రేటును ఒకటి అనుకుంటే, 45 లోపువాళ్లలో అది పదో వంతు, 85 దాటినవాళ్లలో తొమ్మిదిన్నర రెట్లకు పైనే. అంటే ముసలితనంలోనే బీపీ ఎక్కువ ప్రమాదకరం అనుకుంటాం కదా? అక్కడే పప్పులో కాలేస్తాం. ఇంటర్‌స్ట్రోక్ అని చాలా దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది. రక్తస్రావానికీ బీపీకీ ఉన్న సంబంధం చిన్న వయసువాళ్లలోనే మరింత బలంగా ఉందని అందులో తేలింది. మరి రెండూ ఎలా నిజమవుతాయి?

ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి నేను కల్పించినవి, ఎక్కడా రాసుకోకండి. బీపీ లేని నలభై ఏళ్లవాళ్లు లక్షమందిలో ఏడాదికి నలుగురికి నరం చిట్లిందనుకోండి. బీపీ ఉన్నవాళ్లలో ఇరవై నలుగురికి. ఆరు రెట్లు! ఇప్పుడు ఎనభై ఏళ్లవాళ్లు. బీపీ లేని లక్షమందిలో వందమందికి, ఉన్నవాళ్లలో రెండు వందలమందికి. రెండు రెట్లే. గుణకారం చేసి చూస్తే బీపీ కుర్రవాళ్లలోనే బలంగా కొడుతోంది. తలలు లెక్కపెడితే నలభైల్లో అదనంగా ఇరవై మంది, ఎనభైల్లో అదనంగా వందమంది. ఎందుకిలా? నలభైలో నరాన్ని పాడుచేసేవి చాలా తక్కువ. బీపీ లేకపోతే మిగతా నాళాలన్నీ లేతగా, సాగేలా ఉంటాయి. కాబట్టి ఎవరికైనా చిట్లిందంటే బీపీ వేలిముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. ఎనభైలో అలా కాదు, బీపీతో పాటు ఇంకా నలుగురు అనుమానితులు గదిలో ఉంటారు. బీపీ లేనివాళ్లకు కూడా చిట్లుతుంది. ఆ గుంపులో బీపీ ఒక్కటే అంత కొట్టొచ్చినట్టు కనబడదు. దాని చెడుగుణం తగ్గిందని మాత్రం అనుకోవద్దు.

కాబట్టి ముప్పై అయిదేళ్ల మనిషికి 160 ఉంటే, "చిన్నవాడు కదా, తట్టుకుంటాడు" అనే మాట నాకు వినబుద్ధి కాదు. అసలు తిప్పలేమిటంటే వాళ్లకు తెలియను కూడా తెలియదు. 30 నుంచి 79 ఏళ్ల మధ్య అధిక రక్తపోటు ఉన్నవాళ్లు ప్రపంచంలో 128 కోట్లమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. వాళ్లలో దాదాపు సగం మందికి, 46 శాతానికి, ఆ సంగతే తెలియదు.

ఇక వయసు మెట్ల మీద పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ ఒకసారి తిరిగొద్దాం.

అందరికన్నా చిన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు. 32 వారాల లోపు పుట్టిన పాపాయి మెదడులో, నీటి గదుల పక్కన, ఇంకా గట్టిపడని నరాల పొర ఒకటి ఉంటుంది. పుట్టిన మొదటి మూడు రోజుల్లోనే అది చిట్లే ప్రమాదం ఎక్కువ. కాన్పు ముందుగా వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడంలో ఒక లాభం ఈ రక్తస్రావం తగ్గడం కూడా. నిండు నెలలకు పుట్టిన బిడ్డకు తొడలో విటమిన్ కె సూది వేస్తారు చూడండి, "ఇంత పసిగుడ్డుకు సూదా?" అని బామ్మలు బాధపడతారు. ఆ విటమిన్ పుట్టుకతో చాలా తక్కువ. అది లేక రక్తం గడ్డకట్టకపోతే వారాల తరవాత కూడా మెదడులో రక్తస్రావం కావచ్చు. ఆ ఒక్క సూది దాన్ని ఆపుతుంది.

బడికి వెళ్లే పిల్లలు, ఇరవై లోపువాళ్లు. వీళ్లలో బీపీ కోసం ముందే వెతకం. ధమనికీ సిరకూ మధ్య సన్నటి నాళాల వల లేకుండా, చిక్కుపడిన దారపు ఉండలా పుట్టుకతోనే ఏర్పడిన నరాల ముద్ద ఉంటుంది. దాన్ని ఏవీఎం అంటాం. పిల్లల్లో మెదడు రక్తస్రావానికి మొదట అనుమానించేది దాన్నే. హీమోఫీలియా లాంటి గడ్డకట్టని జబ్బులు, సికిల్ సెల్ జబ్బు ఆ తర్వాత.

ఇరవైలు, ముప్పైలు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే కథలు ఎక్కువ. ఏవీఎం ఇంకా ఉంటుంది. దానికి తోడు కొకైన్, ఆంఫెటమిన్ లాంటి మత్తుమందులు బీపీని నిమిషాల్లో ఆకాశానికి లేపుతాయి. గర్భిణులు, బాలింతలు మరో ముఖ్యమైన గుంపు. గుర్రపు వాతం అని పాతవాళ్లు అనేవారు, ఎక్లాంప్సియా, అంటే ఫిట్స్ రావడం; దాని ముందరి దశ ప్రీ-ఎక్లాంప్సియా. వీటిలో బీపీ పెరిగి మెదడులో నరం చిట్లవచ్చు. గమనించాల్సింది ఏమిటంటే ఈ ప్రమాదం కాన్పుతో అయిపోదు. కాన్పయిన తర్వాతి వారాల్లోనే ఎక్కువ. బిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం అని అందరం బిడ్డ చుట్టూ చేరతాం. తల్లికి తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అంటే నిద్రలేక అంటాం. ఆ నిమిషంలో ఎవరో ఒకరు లేచి ఆమె బీపీ కొలవాలి. బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక్కరికైనా ఈ మాట గుర్తుంటే చాలు.

నలభైలు, యాభైలు బీపీ రాజ్యం. దానికి తోడు మద్యం. మద్యం బీపీని పెంచుతుంది, కాలేయాన్ని దెబ్బతీసి రక్తం గడ్డకట్టే పదార్థాల్ని తగ్గిస్తుంది, ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. మూడు వైపుల నుంచీ ఒకే చోట కొడుతుంది. ఫ్రాన్సులోని లీల్ నగరంలో మెదడు రక్తస్రావమైన 540 మందిని పరిశీలించారు. నాలుగో వంతు మంది బాగా తాగేవాళ్లు. వాళ్లకు నరం చిట్లిన మధ్యస్థ వయసు 60, మిగతావాళ్లకు 74. పద్నాలుగేళ్లు ముందుకు జరిగింది!

ఈ వయసులోనే ఇంకో రకం కూడా కాచుకుని ఉంటుంది, మెదడు పొరల మధ్య రక్తస్రావం. మెదడు అడుగున ధమనులు చీలే మలుపుల్లో బుడగలా ఉబ్బు వస్తుంది, దాన్ని ఎన్యూరిజం అంటాం. నూటికి ముగ్గురిలో అలాంటి బుడగ ఉంటుంది, చాలావాటికి జీవితాంతం ఏమీ కాదు. పగిలేవి ఎక్కువగా యాభై, అరవై ఏళ్ల చుట్టుపక్కల పగులుతాయి, ఆడవాళ్లలో ఎక్కువ. సిగరెట్, బీపీ, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా జరిగి ఉండటం దీని ముఖ్య కారణాలు. గుర్తు ఒక్కటే చెబుతాను. జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి, పిడుగు పడినట్టు, క్షణాల్లో తారాస్థాయికి. మెల్లగా పెరిగిన తలనొప్పి గురించి నేను చెప్పడం లేదు.

ఇక డెబ్బైలు, ఎనభైలు. మొదట చూపించిన కుడివైపు స్కాన్ గుర్తుందా? మెదడు అంచున ఉన్న ముద్ద. అక్కడి నరాల గోడల్లో వయసుతో అమిలాయిడ్ అనే మాంసకృత్తు పేరుకుంటుంది. అల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకునేది కూడా ఈ జాతి పదార్థమే. ఇక్కడ అది నరం గోడలో చేరి, దాన్ని ఎండిన ఆకులా చేస్తుంది. యాభై లోపువాళ్లలో దీన్ని మేం దాదాపు తలవనే తలవం. ఎమ్మారైలో కొన్ని ప్రత్యేక పద్ధతులుంటాయి, వాటితో ఇదివరకెప్పుడో తెలియకుండా కారిన చిన్న చిన్న రక్తపు చుక్కలు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. అమిలాయిడ్‌ను తీసేసే మందు ఈ జబ్బుకు ఇంకా లేదు. అయితే ప్రోగ్రెస్ అనే అధ్యయనంలో, అంతకు ముందు పక్షవాతం వచ్చినవాళ్లకు బీపీ తగ్గిస్తే మెదడు రక్తస్రావాలు సగానికి సగం తగ్గాయి. అమిలాయిడ్ వల్ల వచ్చేవి కూడా వాటితో పాటు తగ్గాయి. పెళుసు గోడ మీద ఒత్తిడి తగ్గితే ఆ గోడకూ మంచిదే.

పెద్దవాళ్ల విషయంలో మరో అనుమానితుడు, మందుల డబ్బా. (నవ్వులు) నవ్వకండి. వయసు పెరిగేకొద్దీ గుండె లయ తప్పడం ఎక్కువవుతుంది, అప్పుడు గుండెలో గడ్డ కట్టి మెదడుకు పోవచ్చు, అందుకని గడ్డకట్టకుండా మందు ఇస్తాం. అంటే నరాలు పెళుసయ్యే వయసులోనే రక్తం ఆగకుండా చేసే మందూ మొదలవుతుంది. వీటిని రక్తం పలచబడే మాత్రలంటారు, నిజానికి రక్తం నీళ్లలా ఏమీ అయిపోదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుందంతే. పాతది వార్‌ఫరిన్. 1948లో ఎలుకల మందుగా మొదలై 1954లో మనుషులకు అనుమతి పొందింది. ఈ చరిత్ర చెబితే మా పేషెంట్లు నన్ను అదోలా చూస్తారు. కొత్త మందుల్లో మెదడు రక్తస్రావం వార్‌ఫరిన్‌తో పోలిస్తే దాదాపు సగమే. కానీ ఇది విని ఇంటికెళ్లి అమ్మగారి మాత్ర ఆపేయకండి. గుండె లయ తప్పినవాళ్లకు ఆ మాత్ర ఆపే పక్షవాతాలు అది తెచ్చే రక్తస్రావాల కన్నా చాలా ఎక్కువ. తగ్గించాల్సింది బీపీ, మద్యం, అనవసరపు నొప్పి మాత్రలు.

ఆస్పిరిన్ సంగతి వేరు. ఏ గుండెజబ్బూ పక్షవాతమూ లేని పెద్దవాళ్లు, "గుండెకు మంచిదట" అని రోజుకొకటి వేసుకోవడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద జరిగిన ఆస్‌ప్రీ అధ్యయనం 2018లో వెలువడింది. ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లే. రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వల్ల వాళ్లకు చెప్పుకోదగ్గ లాభం లేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. స్టెంట్ ఉన్నవాళ్లు, ఇదివరకు గుండెపోటు వచ్చినవాళ్లు ఈ మాట పట్టించుకోవద్దు. వాళ్ల లెక్క వేరు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎవరికైనా మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతే ఇంట్లో ఆస్పిరిన్ నమిలించేవాళ్లున్నారు. గుండెపోటు విషయంలో విన్నది దీనికి అంటగడతారు. అది గడ్డో, చిట్లడమో బయటనుంచి చూసి నేను కూడా చెప్పలేను. స్కాన్ అయ్యేదాకా ఏమీ వేయకండి, అంబులెన్స్‌ను పిలవండి. చిట్లినవాళ్లకు కూడా సమయం ముఖ్యమే. గంటలోపు పై అంకెను 140 కిందికి తేవడం, షుగర్, జ్వరం అదుపు చేయడం, రక్తం పలచబడే మందు ప్రభావాన్ని వెనక్కి తిప్పడం, ఇవన్నీ కట్టకట్టి ఒకేసారి చేస్తే ఫలితం మెరుగవుతుందని 2023లో వచ్చిన ఇంటరాక్ట్-3 అధ్యయనం చూపించింది. ఇదివరకు చిట్లిందంటే చేసేదేమీ లేదని చేతులు ముడుచుకునేవాళ్లం. ఆ రోజులు పోయాయి.

ఇక ప్రశ్నలు అడగండి.

శ్రోత: డాక్టర్ గారూ, మా నాన్నగారికి ఎనభై రెండు. ఈ వయసులో బీపీ తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోతారు, వదిలేయండి అంటున్నారు మా బంధువులు.

మీ బంధువుల భయం పూర్తిగా ఉత్తిది కాదమ్మా, పడిపోవడమూ ప్రమాదమే. కానీ ఇదే ప్రశ్న మీద హైవెట్ అని ఒక అధ్యయనం జరిగింది. అందరూ ఎనభై దాటినవాళ్లే, 3,845 మంది. 2008లో ఫలితాలొచ్చాయి. మందు వాడినవాళ్లలో పక్షవాతంతో చనిపోవడం 39 శాతం తగ్గింది, మొత్తం మరణాలు 21 శాతం తగ్గాయి. ఆ వైద్యులు 150/80 దగ్గర ఆగారు. నాన్నగారికి కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి కొలిచి రాయండి. నిలబడితే బాగా పడిపోతుంటే మందు మార్చాలి, మానకూడదు. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి.

శ్రోత: కొలెస్ట్రాల్ మాత్రల వల్ల నరం చిట్లుతుందని విన్నాను...

ఇదివరకే పక్షవాతం వచ్చినవాళ్లకు పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు రక్తస్రావాలు కొద్దిగా పెరిగినట్టు 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో కనిపించింది. అదే అధ్యయనంలో మొత్తం పక్షవాతాలు తగ్గాయి. మీకు ఇదివరకు మెదడులో రక్తస్రావం అయ్యుంటే మీ డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

శ్రోత: సార్, నాకు ఇరవై తొమ్మిది. పోయినేడు ఒకసారి కొలిస్తే నూట యాభై ఎనిమిది వచ్చింది. టెన్షన్‌లో ఉన్నావులే అన్నారు. మళ్లీ చూపించుకోలేదు.

టెన్షనే అయ్యుండొచ్చు తమ్ముడూ. ఒక్క అంకెతో ఎవరికీ బీపీ ముద్ర వేయం. కానీ ఏడాదిగా చూడలేదంటున్నావు. నిజంగానే ఉంటే, నీ వయసులో దానికి వేరే కారణం ఉండే అవకాశం పెద్దవాళ్లలో కన్నా ఎక్కువ. మూత్రపిండాలు, వాటికి వెళ్లే ధమని, అడ్రినల్ గ్రంథి, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, ఇవన్నీ చూడాలి. వాటిలో కొన్ని పూర్తిగా నయమవుతాయి కూడా. లోపలికి వచ్చేటప్పుడు ఆ బల్ల దగ్గర ఆగావా? లేదు కదా. (నవ్వులు) అరగంటలో సిగరెట్, కాఫీ ఏమైనా? సరే. అయితే వెళ్లి ఆ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చో, కాళ్లు నేలకు ఆనించు, కాలు మీద కాలు వేసుకోకు, ఫోన్ జేబులో పెట్టు. అయిదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకు. ఇక్కడ ముగించి నేనే వచ్చి రెండుసార్లు కొలుస్తాను.